రెండో మంచం దుప్పటి

ఆగస్టు 4, సోమవారం

ఇందుమూలముగా ఆసుపత్రి లాండ్రీలోని యావన్మందికీ, అనగా ఉతికేవారికీ, పిండేవారికీ, మడతపెట్టేవారికీ, పని చేస్తున్నట్టు కనబడేవారికీ తెలియజేయడమేమనగా: భోజనాల బల్లకు కిటికీ వైపున్న కాలు విరగని కుర్చీ నేటి నుంచి నాది. "లైన్లో ఉండండి" సీరియల్ మీద చర్చ డబ్బా మూతలు తీశాకే మొదలు కావలెను, ముందు కాదు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: నిన్నటి భాగం చూడనివారికి ఆ బల్ల దగ్గర నోరెత్తే హక్కు లేదు. అతిక్రమించినవారు ఆ రోజు అందరి డబ్బాలూ కడగవలెను.

ఈ శాసనాన్ని ఇవాళ మధ్యాహ్నం స్టీలు గ్లాసు మీద చెంచాతో డప్పు కొట్టి మరీ చదివాను. రాసింది నేనే, ఆమోదించిందీ నేనే. ఏడో తరగతితో బడి మానేసినా ఆఫీసు భాష నాకు బాగానే పట్టుబడింది. ఇరవై రెండేళ్ళుగా గోడకంటించిన సర్క్యులర్లు తప్ప వేరే ఏం చదివాను గనక.

"పుల్లక్క పుడుతూనే మంత్రసానికీ అమ్మమ్మకీ మధ్య పుల్ల పెట్టుంటుంది" అన్నాడు బాయిలరు బాబాయ్. అందరూ నన్ను పుల్లక్క అనే పిలుస్తారు. అమ్మ పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు.

సీరియల్ అరవైల నాటిది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో బోర్డు ముందు కూర్చుని తీగలు గుచ్చే ఆపరేటరమ్మాయి, స్తంభాలెక్కే లైన్‌మన్, వాళ్ళ ప్రేమ. ఇంత చిన్న ముక్కకి డెబ్బై భాగాలయ్యాయి, ఇంతవరకు చెయ్యి పట్టుకోలేదు. అయినా మాకదే ప్రాణం. బయటి జనం ఆ అమ్మాయి కళ్ళు చూస్తారేమో, మా లాండ్రీవాళ్ళ చూపు నేరుగా కాలరు మురికి మీదికే పోతుంది. ఇవాళ మడత వదిన పెద్ద లోపం పట్టింది.

"ఆ అమ్మాయి పరుపు మీద దుప్పటికి నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉంది. ఆ రోజుల్లో ఎలాస్టిక్ దుప్పట్లు ఎక్కడివమ్మా?"

"నేనూ అదే అనుకున్నా" అన్నాను వెంటనే.

బాబాయ్ ఒప్పుకోలేదు. "అరవైల్లో అన్నీ ఉండేవి. నేను చూసిన కాలం, నాకు తెలీదా?"

"బాబాయ్, అరవైల్లో నువ్వు ఉయ్యాల్లో పడుకుని పక్క తడుపుతున్నావు. కావాలంటే ఆ పక్కగుడ్డల గురించి చెప్పు, అది మన శాఖే."

చిరుగులు కుట్టే కుట్టక్క టీ పొలమారి దగ్గింది. ఆవిడ చిన్నగా నవ్వితే చాలు నాకు ఆ రోజుకి.

ఆగస్టు 5, మంగళవారం

మోకాళ్ళు. రోలరు మిషను ముందు ఎనిమిది గంటలు. రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 6, బుధవారం

ఇంటికొచ్చేసరికి ఒంట్లో సత్తువ లేదు. ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు. సీరియల్ వేళకి అత్తగారు గోడకి చేరబడింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే భయం. కానీ ఒక్క భాగం వదలదు.

"ఏ చీర కట్టిందే?"

"నీలం."

"నిన్నా నీలమేగా?"

"అరవైల్లో ఆడదానికి రెండే చీరలు అత్తయ్యా. ఒకటి కడితే ఒకటి ఆరేయాలి."

"మరి ఆరేసింది ఎప్పుడు కడుతుంది?"

"రేపు. నువ్వు లైన్లో ఉండు."

ఇవాళ వాన బాగా కురిపించారు. రేకుల మీద చినుకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. లైన్‌మన్ సైకిలు గొలుసుకి నూనె లేదు, పాపం. ఆ కిర్రుకిర్రుతోనే వాడు వస్తున్నాడని మా అత్తగారు ముందే పసిగట్టేస్తుంది.

ఆగస్టు 8, శుక్రవారం

నిన్నటి భాగంలో ఆపరేటరమ్మాయి తన తమ్ముణ్ణి తలుచుకుంది. వాడు చిన్నప్పుడే ఆసుపత్రిలో పోయాడు. గంట, నర్సు చెప్పుల చప్పుడు, గడియారం, వాడి ఊపిరి. ఊపిరి ఆగాక కూడా గడియారం కొట్టుకుంటూనే ఉంది. అత్తగారు ముక్కు చీదింది.

మధ్యాహ్నం బల్ల దగ్గర శోకసభ. ఒకరు వాడి పెదవి ఎలా వణికిందో చెబుతారు, ఇంకొకరు వాడు చివరిసారి ఎటు చూశాడో చెబుతారు. నేను డబ్బా అడుగు గీకుతూ కూర్చున్నాను.

"పుల్లక్క నోరు పడిపోయిందేంటి?" అన్నాడు వ్యాను డ్రైవరు. వార్డుల నుంచి మూటలు తెచ్చేది ఇతనే. తింటున్నప్పుడు కూడా ఫోను వదలడు.

మడత వదిన మళ్ళీ బట్టల్లోకి దిగింది. "ఆ ఆసుపత్రి దుప్పట్లు మాత్రం ఎంత తెల్లగా ఉన్నాయో. మనలాంటి చేతులే ఉతికుంటాయి."

అప్పుడు కుట్టక్క మాట్లాడింది. మామూలుగా ఆవిడ మాట్లాడదు. చిరిగిన దుప్పట్లు కుట్టడం, కొత్తవాటి కుడి మూల ఎర్ర దారంతో మా ఆసుపత్రి గుర్తు వెయ్యడం ఆవిడ పని. గుర్తు పిచ్చుక కాలులా ఉంటుంది. మూడు గీతలు, చివర ఒక ముడి. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది.

"ముప్పై ఏళ్ళుగా వేస్తున్నానే ఆ గుర్తు" అంది. "ఒక్కరు చూడలేదు. రోగికి నొప్పి, చూడడు. పక్కనున్నవాళ్ళకి ఏడుపు, చూడరు. డాక్టరు అసలు పరుపు వైపే చూడడు. నేను పోయాక మిషనుతో ముద్ర కొడతారంట. ఎవరికీ తేడా కూడా తెలీదు."

అందరూ డబ్బాల్లోకి వంగారు. అది నాకు నచ్చలేదు.

"ఎవరూ చూడలేదని ఎవరన్నారు? నిన్న లోకమంతా చూసింది."

"ఏం చూసింది?"

"రెండో మంచం దుప్పటి, కుడి మూల. ఎర్ర దారంతో పిచ్చుక కాలు. నీదే."

ఎవరో చెంచా కింద పడేశారు.

"అవునవును!" అంది మడత వదిన. "నా కంటికీ ఏదో ఎర్రగా తగిలింది!"

"నేను ముందే చూశా" అన్నాడు బాబాయ్. "చెప్తే నమ్మరని ఊరుకున్నా."

కుట్టక్క కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "నేనా పిల్లాణ్ణి చూసి ఏడుస్తూ కూర్చున్నా. గమనించనే లేదు. నిజంగా నా పిచ్చుకేనా?"

"నీ పిచ్చుకే."

ఆవిడ మొహం చూడాల్సింది.

ఆగస్టు 9, శనివారం

చూశాను. రెండో మంచం. కుడి మూల.

ఆగస్టు 11, సోమవారం

గోరంత మాట కొండంతయింది. నేను చెప్పింది ఒక్క దుప్పటి. మడత వదిన ఇవాళ నాలుగు చూసింది. బాబాయ్ దిండు గలీబు మీద కూడా చూశాడట. మూటలు విప్పే గదిలోవాళ్ళయితే కెమెరా ఆ గుర్తు దగ్గర కాసేపు ఆగిందని చెప్పుకుంటున్నారు. నా అబద్ధాలకి కాళ్ళు రావడం కొత్త కాదు, రెక్కలు రావడం ఇదే మొదటిసారి.

అబద్ధం అని రాశానేంటి. అలవాటు మాట. చూశాను కదా.

కుట్టక్క కొత్త జాకెట్టు వేసుకొచ్చింది. నాకు టీ తెచ్చి మిషను పక్కన పెట్టి వెళ్ళింది. వార్డు నర్సులు ఇద్దరు ఆవిణ్ణి చూడ్డానికి వచ్చారట. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఎవరో దుప్పటి మూల పట్టుకుని "ఎంత సన్నగా వేశారండీ" అన్నారట.

గత నెలలో స్టోరు కీపరు, అదే మా స్టోరాయన, కోటు చేతులు రెండూ చివర్లు కుట్టేసి పెట్టాను. వారం రోజులు నవ్వుకున్నాం. దానికన్నా ఇది మంచి పనే.

ఆగస్టు 14, గురువారం

స్టోరాయన లాండ్రీకి వచ్చాడు. స్టోరు కీపరు తనంతట తను వస్తే ఎలకకి పిల్లి పరామర్శే. ఆయన నవ్వు పై పెదవి దగ్గరే ఆగిపోతుంది, కిందికి దిగదు.

"మీరంతా ఏదో సీరియల్ చూస్తున్నారంట. మన దుప్పటి టీవీలోకెక్కిందంట. నిజమేనా?"

"నిజమే సార్!" అన్నారు, ముక్తకంఠంతో.

"ముందు చూసిందెవరు?"

అందరి వేళ్ళూ నా వైపు తిరిగాయి. బాబాయ్ ఒక్కడే తన వైపు చూపించుకున్నాడు.

"మంచిది, మంచిది" అని వెళ్ళిపోయాడు. ఆయన మంచిదన్నది ఇంతవరకు ఎవరికీ మంచి కాలేదు.

ఆగస్టు 18, సోమవారం

స్టోరులో లెక్క చూశారు. ముప్పై ఎనిమిది దుప్పట్లు తక్కువ. ఎప్పటి నుంచి తక్కువో ఎవరికీ తెలీదు, పదేళ్ళుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు మాత్రం దొంగ సిద్ధంగా దొరికింది. షూటింగువాళ్ళకి దుప్పట్లు ఎవరో అమ్మారు, అమ్మాలంటే చేతికి అందాలి, చిరిగినవాటి గది తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది.

కుట్టక్కని పైకి పిలిచారు. తిరిగొచ్చి మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించడానికి అయిదుసార్లు ప్రయత్నించింది.

ఆగస్టు 19, మంగళవారం

నేను అమ్మారని అనలేదు. ఉందన్నాను, అంతే.

ఆగస్టు 20, బుధవారం

ఒక్కొక్కరినీ పిలిచి కాగితం రాయించారు. "సదరు దుప్పటి మీద ఎర్ర దారం గుర్తును నేను టీవీలో స్వయంగా చూసితిని." కింద సంతకం. మడత వదిన పెట్టింది. బాబాయ్ రెండుచోట్ల పెట్టాడు. కుట్టక్కకి మంచి జరుగుతుందనుకునే పెట్టారు పిచ్చి మొహాలు. ఆవిడ పనితనానికి సాక్ష్యం ఇస్తున్నామనుకున్నారు.

"ఏం పుల్లమ్మా, ఆలోచిస్తున్నావు? చూశావా, చూళ్ళేదా?" అన్నాడు స్టోరాయన.

నా వెనక గుమ్మంలో తొమ్మిది మంది ఉన్నారు. చూళ్ళేదంటే వాళ్ళందరూ ఏం చూసినట్టు? ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఉత్త పుణ్యానికే సూపరింటెండెంటు మేడం పేరుతో సెలవు ప్రకటించినదాన్ని. ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు? చూశానంటే ఆవిడకేమవుతుంది, విచారణలో వాళ్ళే తేల్చుకుంటారు కదా, దొంగతనం చెయ్యలేదు కాబట్టి ఏమీ కాదు.

పెట్టాను.

ఎలాగూ చూశాను.

ఆగస్టు 22, శుక్రవారం

విచారణ తేలేదాకా కుట్టక్కని రావద్దన్నారు. పింఛను కాగితం పక్కన పెట్టేశారు. దొంగతనం రుజువైతే పింఛను ఉండదట.

ఆవిడ మిషను మీద గుడ్డ కప్పారు. గుర్తులేని దుప్పట్లు ఒక పక్క గుట్టపడుతున్నాయి.

బల్ల దగ్గర నవ్వించాలని చూశాను. స్టోరాయన నడక నడిచి చూపించాను. మడత వదిన డబ్బా మూసేసింది. "ఆకలి లేదే" అంది. కాలు విరగని కుర్చీలో ఒక్కదాన్నే కూర్చున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

కుట్టక్క ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు, మెట్లు ఎక్కేసరికి మోకాళ్ళు నన్ను తిట్టాయి. ఒకటే గది. కిటికీ కింద సొంత కుట్టు మిషను. గోడకి ఆవిడ పెళ్ళినాటి ఫోటో. ఆయన పోయి పన్నెండేళ్ళు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. టీ పెట్టింది.

"తోబుట్టువులు ఫోన్ చేశారా?"

"అన్నయ్య చేశాడు. దుప్పట్లు ఎందుకమ్మా, అడిగితే నేను కొనిపెట్టేవాణ్ణి కదా అన్నాడు. వాడూ నమ్మాడు చూడు."

నాకు కూర్చోవడం కష్టమైంది. లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాను.

"ఒకటడుగుతా" అంది. "ఆట పట్టించకుండా చెప్పు. ముడి ఎటు తిరిగుంది?"

"ముడా?"

"పిచ్చుక కాలు చివర ముడి. నాది ఎడమకి తిరుగుతుంది. నాకు ముందు పనిచేసినామె కుడికి తిప్పేది. కుడికి ఉంటే అది నేను రాకముందు దుప్పటి, నా చేతిలోంచి పోయింది కాదు. అదొక్కటి చెప్తే నా మీద మాట పోతుంది. నువ్వు సరిగ్గా చూశావు కదా. ఎటు?"

కుడికి. ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. ఒక అబద్ధంతో పోయిన మనిషిని ఇంకో అబద్ధంతో వెనక్కి లాగొచ్చు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, ఇది దర్జీ కుట్టినట్టు అతుకుతుంది.

అంతలో ఆవిడే అంది, టీ గ్లాసు తిప్పుతూ. "నాకైతే ఎడమకే అనిపిస్తోంది. వద్దులే అనుకుంటాను. ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది. అయినా ఎడమకే ఉండాలని ఉంటుందే. పిచ్చి కదా?"

"సరిగ్గా చూళ్ళేదక్కా" అన్నాను.

"చూళ్ళేదా?"

"ముడి చూళ్ళేదు."

మెట్లు దిగుతుంటే పైనుంచి "జాగ్రత్తగా దిగు, అక్కడ బల్బు లేదు" అని కేక వేసింది. నా గురించి జాగ్రత్త పడుతోంది.

ఆగస్టు 26, మంగళవారం

నిద్ర లేదు. చూశాను అని పదిసార్లు అనుకుంటే పదకొండోసారి కనబడుతుందేమో అనుకున్నాను. కనబడలేదు.

ఆగస్టు 27, బుధవారం

వ్యాను డ్రైవర్ని పట్టుకున్నాను. మూటల మధ్య, వ్యానులోనే.

"ఆ ఆసుపత్రి భాగం నీ ఫోనులో వస్తుందా?"

"పాతవి చూడాలంటే చందా కట్టాలక్కా. మా బావమరిది కట్టాడు, వాడిది వాడుకుందాం. ఇప్పుడెందుకు?"

"మోకాళ్ళకి మంచిదంట."

వాడు నొక్కాడు. గంట వినబడింది, నర్సు చెప్పులు, గడియారం. అన్నీ నాకు తెలిసినవే. ఫోను దగ్గరికి లాక్కుని చూశాను. ఆ ఆపరేటరమ్మాయికి గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. తమ్ముడు నేననుకున్నంత చిన్నవాడు కాదు. మీసం వస్తోంది.

రెండో మంచం దగ్గర ఆపమన్నాను. మూల పరుపు కిందికి మడిచేసి ఉంది. గుర్తున్నా కనబడదు.

అది చాలదన్నట్టు, బొమ్మంతా తెలుపూ నలుపూ.

"రంగు ఎందుకు పోయింది? ఫోను పాడైందా?"

"ఫోనుకేమైందక్కా? ఆ అమ్మాయి జ్ఞాపకాలన్నీ తెలుపూ నలుపులోనే తీస్తారు కదా, మొదటి నుంచీ. నువ్వు చూళ్ళేదా?"

"చూడకేం. చూశాను."

వాడు ఫోను వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ ఫోను వైపు చూశాడు. "అవునక్కా, మరి ఎర్ర దారం ఎట్లా..." అని ఆగిపోయాడు. వాడూ కాగితం మీద సంతకం పెట్టినవాడే.

తొమ్మిది మంది. తెలుపూ నలుపూ బొమ్మలో తొమ్మిది మందీ ఎరుపు చూశారు.

ఆగస్టు 28, గురువారం

సూపరింటెండెంటు మేడం గది. స్టోరాయన, బాబాయ్, మడత వదిన, డ్రైవరు, నేను. కుట్టక్కని కూడా పిలిపించారు. గోడ వారగా నిలబడింది. కొత్త జాకెట్టు వేసుకురాలేదు.

"మేడం, ఆ గుర్తు లేదు" అన్నాను.

స్టోరాయన పై పెదవి నవ్వింది. "పుల్లమ్మ సంగతి మీకు తెలుసుగా మేడం. సెలవని చెప్పి రెండు వార్డులు ఖాళీ చేయించిన మనిషి. స్నేహితురాలి కోసం మాట మారుస్తోంది. మిగిలిన తొమ్మిది మందీ చూశామని రాసిచ్చారు."

"మేం చూశాం మేడం" అంది మడత వదిన. ఆవిడకి ఇంకా అర్థం కాలేదు. "కుట్టక్క పనితనం అంత బాగుంటుంది. నేను కళ్ళారా చూశా."

జన్మలో ఒక్కసారి నిజం చెప్పాను. నమ్మడానికి ఒక్క మనిషి లేదు. ఇన్నేళ్ళు నేను విత్తింది నాకే మొలిచింది, ఎవరి మీదా పడి ఏడవడానికి లేదు.

"ఫోను చూడండి మేడం."

మేడం చూసింది. కళ్ళజోడు పైకి నెట్టి మళ్ళీ చూసింది. మొదటి నుంచి పెట్టమంది. గదిలో గడియారం చప్పుడు, ఫోనులో గడియారం చప్పుడు.

"ఇందులో ఎర్ర దారం ఎక్కడిది?" అంది. "అసలు ఎరుపే లేదు కదా?"

మడత వదిన డ్రైవరు వైపు, డ్రైవరు నా వైపు చూశారు. చివరికి బాబాయే గొంతు సవరించుకున్నాడు.

"తెలుపూ నలుపులో అయినా, తెలిసినవాళ్ళకి ఎరుపు తెలిసిపోతుంది మేడం. అరవైల్లో మేం అట్లాగే చూసేవాళ్ళం."

మేడం నవ్వాపుకోవడానికి కాగితం అడ్డం పెట్టుకుంది. స్టోరాయన మాత్రం ఆ కాగితాలు వెనక్కి తీసుకోవడానికి చెయ్యి చాపాడు. మేడం ఇవ్వలేదు. "ఈ రాతలు పట్టుకుని ముప్పై ఏళ్ళ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టారా? ఒక్కసారి చూడాలనిపించలేదా?"

"అందరూ చూశామన్నారు మేడం..."

"మీరు చూశారా?"

ఆయన తల దించాడు. ఆ ముప్పై ఎనిమిది దుప్పట్లూ ఎటు పోయాయో దేవుడికీ స్టోరాయనకీ తెలియాలి.

కుట్టక్క సోమవారం నుంచి పనికి రావచ్చు, పింఛను కాగితం ముందుకు పోతుంది. మేడం అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వూ సంతకం పెట్టావు. ముందు అన్నది కూడా నువ్వే. ఏమంటావు?"

"కంటికి పొర వచ్చింది మేడం. పొరబడ్డాను."

మెమో ఇచ్చారు. మూడు నెలలు మురికి మూటలు విప్పే గదిలో వేశారు. మెమో భాష బాగుంది. నేనైతే ఇంకా బాగా రాసేదాన్ని.

ఆగస్టు 30, శనివారం

మురికి గది. చేతి తొడుగులు, ముక్కుకి గుడ్డ. మూటలు విప్పడం, రక్తం మరకలవి ఒక పక్క, మందు మరకలవి ఒక పక్క. జోకులెయ్యడానికి కూడా నోరు విప్పలేం. శిక్ష వేసినవాళ్ళకి నా సంగతి బాగానే తెలుసు.

సెప్టెంబరు 1, సోమవారం

కుట్టక్క వచ్చింది. గుట్టలో దుప్పట్లు సగం అయ్యాక, మధ్యాహ్నం మురికి గది గుమ్మం దాకా వచ్చి ఆగింది. నేను ముక్కు గుడ్డ తియ్యలేదు.

"పొర వచ్చిందన్నావు."

"ఆ."

"స్టోరాయన బట్టతల మీద ఈగ వాలితే బాయిలరు గదిలోంచి చూసి చెప్పేదానివి. నీకు పొరేంటే?"

నేను మూట విప్పుతూనే ఉన్నాను.

"ఎందుకన్నావు, నా పిచ్చుక అక్కడుందని?"

ఏం చెప్పను. నువ్వు ఒక్కరూ చూడలేదన్నావు కాబట్టి. అందరూ ఆ పిల్లాడి మొహం గురించి మాట్లాడుతుంటే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి. రెండూ నిజమే. ఏది ముందో నాకూ తెలీదు.

"ఆ పది రోజులు వేసిన గుర్తులు ఇవాళ పొద్దున తీసి చూసుకున్నా" అంది. "ముప్పై ఏళ్ళలో అంత బాగా ఎప్పుడూ రాలేదు. ఎవరో చూస్తారని వేశాను మరి. నా ముందుకి మాత్రం కొన్నాళ్ళు రాకు."

వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు విని ఎంత దూరం పోయిందో చెప్పగలను. బాయిలరు గది. నీళ్ళ పంపు. తలుపు.

భోజనాలయ్యాక బల్ల దగ్గరికి వెళ్ళి అందరి డబ్బాలూ తీసుకెళ్ళి కడిగాను. పదకొండు డబ్బాలు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంకేదో ఎత్తు వేస్తున్నాననుకుని మడత వదిన తన డబ్బా తెరిచి లోపల బల్లి ఉందేమోనని చూసుకుంది.

ఇంట్లో సీరియల్ మొదలైంది. సైకిలు కిర్రుకిర్రు.

"ఏ చీర కట్టిందే?"

"తెలీదు అత్తయ్యా."

నీలం అని చెప్పడానికి ఓపిక లేకపోయింది. ఆవిడ గోడకి తల ఆనించింది. తర్వాత నెమ్మదిగా అంది.

"బొమ్మ రావట్లేదని నాకు తెలుసే. శుక్లాలకి రంగు తెలీదు గానీ వెలుగు తెలుస్తుంది. మే నెల నుంచి గదిలో ఆ మూల చీకటిగానే ఉంది."

"మరి రోజూ ఏ చీర అని అడుగుతావేం?"

"నువ్వు చెప్తుంటే బాగుంటుంది. నీలం బాగా చెప్తావు."

నా శాసనం నేనే చదివాను, గ్లాసు మీద డప్పు కొట్టి మరీ: చూడనివారికి నోరెత్తే హక్కు లేదు. ఆ లెక్కన మే నెల నుంచి అందరి డబ్బాలూ నేనే కడగాలి.

ఈ నోటుపుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా చూశాను, చూశాను అని రాసుకుంటూ వచ్చాను. సీరియల్ మొదలవకముందే మా టీవీలో బొమ్మ పోయింది. మెకానిక్కు వచ్చి చూసి, ఈ పెట్టెకి సామాను దొరకదు, శబ్దం వస్తోంది కదా, రేడియో అనుకోండి అన్నాడు. మొన్న వ్యానులో తప్ప, మే నెలలో ఈ సీరియల్ మొదలైన నాటి నుంచీ నేను ఒక్క భాగం చూడలేదు. ఎలాస్టిక్ చూడలేదు. నీలం చీర చూడలేదు. రెండో మంచం ఉందో లేదో కూడా అప్పుడు నాకు తెలీదు. ఆసుపత్రి కదా, ఒకటికన్నా ఎక్కువ మంచాలుంటాయని అన్నాను.

పొరా లేదు, పొరపాటూ లేదు. ఆ ఎర్ర దారం మొత్తం నేను కల్పించిందే.